కామా ఎక్కడ: "ఆర్తూరుస్" తర్వాతా, "రెక్స్" తర్వాతా?

తేటగీతి: మాలరీ రాసిన ఆర్థర్ రాజు కథ 21వ పుస్తకం, 7వ అధ్యాయంలో ఆ రాజు సమాధి మీద ఉందని చెప్పే లాటిన్ పాదం పొద్దుటి నుంచీ నాలుక మీదే ఆడుతోంది. "హిక్ యకెత్ ఆర్తూరుస్ రెక్స్ క్వోందం రెక్స్‌క్వె ఫుతూరుస్": ఇక్కడున్నాడు ఆర్థర్, ఒకప్పటి రాజు, మళ్ళీ కాబోయే రాజూ. నా దగ్గరున్న అచ్చులో "రెక్స్" తర్వాత కామా ఉంది. నోరేమో "ఆర్తూరుస్" దగ్గర ఆగుతోంది. ఏది సరి?

మత్తేభం: నోరే సరి. ఇది హెక్సామీటర్, ఆరు గణాల లాటిన్ పాదం. గణాలు విడదీయండి: హీక్‌యకె / తార్‌తూ / రుస్‌రెక్స్ / క్వోందం / రెక్స్‌క్వెఫు / తూరుస్. భ, గగ, గగ, గగ, భ, గగ. "యకెత్"లోని పొల్లు తకారం పక్క అచ్చుతో కలిసిపోయింది కాబట్టి "కె" లఘువు. "రుస్" హల్లుతో ఆగింది కాబట్టి గురువు. మూడో గణం మధ్యలో, "రుస్" దాటగానే విరామం. "రెక్స్" తర్వాత ఆగితే పాదం మూడు గణాల చొప్పున సగానికి చీలుతుంది. లాటిన్ కవులు తప్పించుకునే దోషమదే.

సీసం: దానికి తోడు ప్రాస చూడండి: ఆర్తూరుస్, ఫుతూరుస్. లియొనైన్ పద్ధతిలో విరామానికి ముందు మాట పాదాంతంతో ప్రాస కలుపుతుంది. మన యతిలా అక్షరమైత్రి కాదు, సంస్కృతంలోలా విరామమే యతి.

ద్విపద: ఛందస్సు ఒప్పుకున్నాను, అన్వయం మాటేమిటి? శాసనంలో పేరు పక్కన బిరుదు రావడం సహజం. "ఆర్తూరుస్ రెక్స్" అని కలిపి చదివితే తప్పేమిటి? గ్లాస్టన్‌బరీ మఠంలో ఆర్థర్ సమాధిదని చెప్పే సీసపు సిలువ మీదా "రెక్స్" ఉంది కదా.

మత్తేభం: ఆ సిలువ మీద, 1607లో చరిత్రకారుడు కామ్డెన్ అచ్చువేసిన బొమ్మ ప్రకారం, "ఇంక్లితుస్ రెక్స్ అర్తూరియుస్" అని బిరుదే ముందుంది. పైగా అది వచనం, అందులో "క్వోందం" లేదు, "ఫుతూరుస్" లేదు. అన్వయానికొస్తే, "క్వె" ("మరియు") అంటుకున్నది రెండో "రెక్స్"కి. మొదటి "రెక్స్"ని ఆర్థర్‌కి కట్టేస్తే "క్వోందం" ఒంటరిగా వేలాడుతుంది.

ద్విపద: కామా మాలరీ పెట్టిందేమో!

సీసం: అలా అనలేం. కాక్స్‌టన్ వేసిన మాలరీ తొలి అచ్చు 1485ది. 1934లో బయటపడ్డ వించెస్టర్ రాతప్రతి వేరే ఇద్దరు లేఖకులు రాసింది. పేర్లన్నీ ఎర్రసిరాతో రాశారు గానీ, ఆ ప్రతీ మాలరీ చేతిది కాదు. అసలు పాదం కూడా ఆయనది కాకపోవచ్చు. తార్న్‌టన్ ప్రతిలోని "అల్లిటరేటివ్ మోర్ట్ ఆర్థర్" అనే వేరే కావ్యం చివరా ఇదే కనిపిస్తుంది.

తేటగీతి: ఆంగ్ల కవి టెనిసన్ ఈ పాదాన్ని ఎందుకు వదిలేశాడో? ఆర్థర్ మీద ఆయన 1842 కవితలో పడవ ఉంది, రాజు వెళ్ళే అవిలియన్ దీవి ఉంది, సమాధి శాసనం లేదు.

సీసం: రాజు తిరిగొస్తాడా అన్న సందేహాన్ని టెనిసన్ ఆర్థర్ వీరుడు బెడివియర్ నోట పెట్టాడండీ! తర్వాతి "పాసింగ్ ఆఫ్ ఆర్థర్"లో "మళ్ళీ వస్తాడు" అన్నాక "కానీ రాకపోతే" అని వాక్యం తెగిపోతుంది. శాసనం కన్నా ఆ తెగడమే నాకు ఎక్కువ నచ్చుతుంది.

మత్తేభం: దానికి మూలం మాలరీలోనే ఉంది. ఈ పాదానికి కాస్త ముందే, తిరిగొస్తాడని నేననను, "ఈ లోకంలోనే తన బతుకు మార్చుకున్నాడు" అంటాను అంటాడు. ఆ "మార్చుకున్నాడు" చావేనని నా చదువు.

ద్విపద: నేను ఒప్పుకోను. ఆ అధ్యాయంలోనే రాణి గ్వినివియర్, తర్వాతి అధ్యాయాల్లో ఆమె ప్రియుడు లాన్సలాట్ సన్యసిస్తారు. వాళ్ళూ బతుకు మార్చుకున్నవాళ్ళే కదా?