ఫావర్షమ్‌లో ఆర్డెన్ హత్య: నిజంగా జరిగిందా, నాటకం కోసం కల్పించిందా?

వైజాగ్ బుల్లోడు:
లండన్‌లో అక్కావాళ్ళింటికి వచ్చాను. శనివారం ఎటైనా తిరిగొద్దామంటే బావ కెంట్‌లోని ఫావర్షమ్ పేరు చెప్పాడు. ఆ ఊళ్ళో జరిగిన హత్య మీద మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో నాటకం వచ్చిందట. నిజమేనా? ఆ ఇల్లు ఇంకా ఉందా?

కెంట్‌లో కడపోడు:
నిజంగా జరిగిందే. 1551 ఫిబ్రవరి 15, ఆదివారం రాత్రి. థామస్ ఆర్డెన్ ఆ ఊరికి మేయర్‌గా కూడా చేశాడు. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక ఇక్కడి మఠం భూముల్లో చాలా భాగం ఈయన చేతికొచ్చింది. భార్య ఆలిస్‌కు మోస్బీ అనే దర్జీతో సంబంధం. కిరాయి హంతకుణ్ణి కుదిర్చింది మాత్రం గ్రీన్. ఆర్డెన్ వల్ల భూమి పోగొట్టుకున్నవాడు.

దారిలో, లండన్‌లో కాపు కాసినా పని కాలేదు. చివరికి ఇంట్లోనే కానిచ్చారు. ఆర్డెన్ మోస్బీతో కూర్చుని పాచికలాట ఆడుతున్నాడు. కిరాయి హంతకుడు బ్లాక్ విల్ వెనక నుంచి వచ్చి మెడకు తువ్వాలు బిగించాడు. మోస్బీ నడుముకున్న ఇస్త్రీ పెట్టెతో తల మీద కొట్టాడు. 14 పౌన్లు, అంటే ఆరు కిలోల పైమాటే! శవాన్ని వెనక పొలంలో పడేశారు. మంచు పడుతోంది కాబట్టి అడుగుజాడలు కప్పుకుపోతాయనుకున్నారు, కానీ మధ్యలో ఆగిపోయింది. జాడలు తిన్నగా ఇంటికే దారి చూపించాయి. పైగా ఇంట్లో నేల మీద పరిచిన రెల్లు శవం చెప్పులో ఇరుక్కుని ఉంది.

నన్నడిగితే ఇది అక్రమ సంబంధం కథ కన్నా భూమి కథ. శవం దొరికిన పొలం ఆర్డెన్ ఒక నావికుడి భార్య దగ్గర లాక్కున్నదేనని చరిత్రకారుడు హోలిన్‌షెడ్ రాశాడు. ఆవిడ ఏడ్చి, అతని మొహం మీదే శాపనార్థాలు పెట్టిందట. ఉసురు తగలడమంటే మనవాళ్ళకి వేరే చెప్పాలా! నాటకంలో ఆ శాపం నావికుడి నోట పెట్టారు. 1592లో అచ్చయింది. రాజులూ యువరాజులూ లేకుండా ఒక చిన్న ఊరి సంసారం మీద అల్లిన విషాదం అప్పటికి కొత్త.

సాహిత్యం పిచ్చి:
షేక్‌స్పియర్ రాశాడంటారు కదా? వాళ్ళమ్మ ఇంటిపేరు కూడా ఆర్డెనే. చుట్టాలేమో?

కెంట్‌లో కడపోడు:
ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపలేం. పుస్తకం మీద రచయిత పేరు లేదు. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు షేక్‌స్పియర్ రచనల సంపుటిలో దీన్ని చేర్చారు, కొంత భాగం ఆయనదేనని. ఆలిస్, మోస్బీ పోట్లాడుకునే ఘట్టం చదివితే నాకూ అలాగే అనిపిస్తుంది. కాదు, ఆ కాలపు మరో నాటకకర్త థామస్ కిడ్‌ది అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పంచాయితీ ఇప్పట్లో తెగదు.

గుంటూరు అత్తయ్య:
ఆలిస్ ఏమైంది బాబూ?

కెంట్‌లో కడపోడు:
కాంటర్బరీలో సజీవంగా కాల్చేశారండీ. మోస్బీని, అతని చెల్లెల్ని లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ఉరితీశారు. బ్రాడ్‌షా అనే ఆయన ఏ పాపం ఎరగకుండానే ఉరికెక్కాడని హోలిన్‌షెడే రాశాడు. నాకు అందరికన్నా ఆయన మీదే జాలి.

బుల్లోడూ, ఇల్లు అబ్బే స్ట్రీట్‌లో ఉంది. మఠం బయటి ద్వారానికి ఆనుకున్న కట్టడం. ఇప్పుడు జనం కాపురముంటున్నారు, బయటి నుంచే చూడాలి. తలుపు కొట్టొద్దు. సంత వీధిలో స్తంభాల మీద నిలబడ్డ గిల్డ్‌హాల్ (టౌన్ హాల్) కూడా చూడు, 1574లో సంత కోసం కట్టింది. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి రైలుకు గంట పైన పడుతుంది.

వైజాగ్ బుల్లోడు:
థాంక్స్ అన్నా. అక్కకి ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పాను, బావ రావడానికి జంకుతున్నాడు.