పాటలు తీసేస్తే ఈ యానిమేషన్ సినిమాలు నిలబడేవా?

రంగులరాట్నం:
నిన్న రాత్రి మా అమ్మాయితో కూర్చుని 1989 నాటి డిస్నీ మత్స్యకన్య సినిమా ‘లిటిల్ మెర్మెయిడ్’ మళ్లీ చూశాను. పాట వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లోవాళ్లు “కథ ఆగిపోతోంది, ముందుకు జరుపు” అంటూనే ఉన్నారు. నాకు నిజంగా బాధ వేసింది. ఆ పాటలే లేకపోతే ఈ సినిమాను ఇవాళ ఎవరూ తలుచుకునేవాళ్లు కాదని నా నమ్మకం. మీరేమంటారు? చిన్నప్పుడు చూశాం కాబట్టి ఇష్టం అని కాకుండా కారణం చెప్పండి.

నలుపుతెలుపు:
నేను ఒప్పుకోనండీ. బొమ్మకు ప్రాణం పోయడమే యానిమేషన్ బలం, పాట కాదు. జపాన్ దర్శకుడు మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’ (2001) చూడండి. పాత్రలు ఆగి పాటలు పాడవు. నీళ్ల మీద రైలు వెళ్లే ఆ కొద్ది నిమిషాల్లో మాటలు కూడా దాదాపు ఉండవు. అయినా గుండె బరువెక్కుతుంది. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. 1995లో ‘టాయ్ స్టోరీ’ తీసినవాళ్లు కూడా బొమ్మల చేత పాడించలేదు, రాండీ న్యూమన్ పాటలు వెనక నుంచి వినిపిస్తాయంతే.

ఇంకో సంగతి. 1998లో ‘క్వెస్ట్ ఫర్ కేమ్‌లాట్’ అని ఒక యానిమేషన్ మ్యూజికల్ వచ్చింది. అందులోని ‘ద ప్రేయర్’ పాటను పెళ్లిళ్లలో, కచేరీల్లో ఇప్పటికీ పాడుతున్నారు. సినిమా మాత్రం ఆడలేదు. పాటే సినిమాను నిలబెట్టేదైతే అది నిలబడి ఉండాలి కదా?

పాటలపందిరి:
నలుపుతెలుపు గారూ, మీ ఉదాహరణలన్నీ నిజమే. నా పేచీ అల్లా బొమ్మనూ పాటనూ విడదీయడం దగ్గరే.

ఈ కళలో అవి మొదటి నుంచీ కలిసే పెరిగాయి. 1928లో మిక్కీ మౌస్ చిట్టి సినిమా ‘స్టీమ్‌బోట్ విల్లీ’కి మొదటిసారి పెట్టిన రికార్డింగ్ పాడైపోయింది, వాద్యబృందం బొమ్మల వేగాన్ని అందుకోలేకపోయింది. వాల్ట్ డిస్నీ తన కారు అమ్మి రెండోసారి రికార్డింగ్ పెట్టుకున్నాడు. ఈసారి ఫిల్మ్ మీదే ఎగిరిపడే బంతి గుర్తు వేశారు. దాన్ని చూస్తూ తాళం తప్పకుండా వాయించారు.

లెక్క ఎలా ఉంటుందంటే, సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. ప్రతి 12 ఫ్రేములకు ఒక తాళం దెబ్బ పడితే నిమిషానికి 120 దెబ్బలు. కాలు ఏ ఫ్రేములో నేలకు తగలాలో, కనురెప్ప ఏ ఫ్రేములో వాలాలో గీసేవాడికి ముందే తెలుస్తుంది. మామూలు సినిమాలో నటుడు పాటకు అనుగుణంగా ఆడతాడు. ఇక్కడ చెట్టు, నీళ్లు, గిన్నెలు కూడా పాట కోసమే పుడతాయి. అంత హక్కు సంగీతానికి ఇంకెక్కడా దొరకదు.

అలాగని ఏ పాటనైనా ఉంచేయలేదు. 1937 నాటి ‘స్నో వైట్’లో మరుగుజ్జులు సూప్ తాగే పాట ఒకటి ఉండాల్సింది. వార్డ్ కింబాల్ ఎంతో కష్టపడి గీశాడు. కథ నెమ్మదిస్తోందని తీసేశారు. రంగులరాట్నం గారూ, మీ ఇంట్లోవాళ్ల ఫిర్యాదు వాళ్లకూ తెలుసన్నమాట.

ఇక మీరు చూసిన సినిమా సంగతి. ఆ పాటలు రాసిన హోవర్డ్ ఆష్‌మన్ నాటకరంగం నుంచి వచ్చినవాడు, బాణీలు అలన్ మెన్కెన్‌వి. పీత పాత్రకు జమైకా యాస పెడదామన్నది ఆష్‌మనే. దాంతోనే కరీబియన్ సంగీతానికి తలుపు తెరుచుకుంది. ముందుగా వేసి చూపించిన ఒక ప్రదర్శనలో మత్స్యకన్య పాడే ‘పార్ట్ ఆఫ్ యువర్ వరల్డ్’ వచ్చేసరికి పిల్లలు కుదురుగా కూర్చోలేదట. అప్పటికి ఆ సన్నివేశానికి పూర్తి రంగుల బొమ్మలు లేవు. స్టూడియో పెద్ద జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ పాట తీసేద్దామన్నాడు. ఆష్‌మన్, దర్శకులు, బొమ్మ గీసిన గ్లెన్ కీన్ గట్టిగా పోరాడి నిలబెట్టుకున్నారు. అది తీసేసి ఉంటే ఏమయ్యేది? ఆ పిల్ల రాజకుమారుణ్ని చూడకముందే నేల మీది బతుకును కోరుకుందన్న విషయం మనకు అంత గాఢంగా తెలిసేది కాదు. ప్రేమ కోసం ఇల్లు వదిలిన పిల్లగానే మిగిలిపోయేది.

ఆష్‌మన్ 1991 మార్చిలో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి 40 ఏళ్లే. ఆ నవంబరులో విడుదలైన ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ పూర్తి రూపం ఆయన చూడలేదు. ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేషన్ పొందిన మొదటి యానిమేషన్ సినిమా అదే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

‘ద ప్రేయర్’ గురించి నా జవాబు ఇదే. పాట ఎంత గొప్పదైనా, పాత్ర నిర్ణయం అందులో జరగకపోతే సినిమాకు అంటుకోదు. ‘ఫ్రోజెన్’ (2013) మొదటి రూపాల్లో రాణి ఎల్సా విలన్. ఆమె పాడే ‘లెట్ ఇట్ గో’ విన్నాక ఆమెను అలా ఉంచలేక కథనే తిరగరాశారు.

వన్స్‌మోర్:
పాటలపందిరి గారూ, అంతా బాగుంది గానీ “నిర్ణయం జరగాలి” అనే షరతు నాకు నచ్చలేదు. మా ఊళ్లో పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ని. ‘జెండాపై కపిరాజు’ అందుకోగానే వన్స్ మోర్ అని అరిచేవాళ్లం. కృష్ణుడు రాయబారం ఆపి పద్యం మళ్లీ పాడేవాడు. కథ ఆగిందని ఒక్కరూ బాధపడలేదు. రాయబారం చెడుతుందని అందరికీ ముందే తెలుసు.

1967 నాటి ‘జంగిల్ బుక్’లో ఎలుగుబంటి పాడే ‘బేర్ నెసెసిటీస్’లో ఏ నిర్ణయమూ లేదు. వీపు గోక్కోవడం, నీళ్లలో తేలడం, అంతే. టెర్రీ గిల్‌కిసన్ ముందు రాసిన పాటలన్నీ మరీ చీకటిగా ఉన్నాయని పక్కన పెట్టి, షెర్మన్ సోదరులతో కొత్తవి రాయించుకున్నారు. మిగిలింది ఇదొక్కటే. జనం గుర్తుపెట్టుకున్నదీ దీన్నే!

డల్లాస్‌నాన్న:
డబ్బింగ్ కోణం ఎవరూ ఎత్తలేదు. 2019లో ‘ఫ్రోజెన్ 2’ తెలుగులో వచ్చింది, ఎల్సాకు నిత్యా మేనన్ గొంతు. ఇక్కడ మా పిల్లలు ఇంగ్లీషులో పాడుకుంటారు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకు తెలుగులో పెట్టాను. ఆమె కళ్లు తుడుచుకుంది. భాష మారినా పాట పని చేసింది.

అయితే ఆ సాహిత్యం రాసేవాళ్ల కష్టం తలుచుకోండి. ‘లెట్ ఇట్ గో’నే తీసుకుంటే, ‘గో’ అన్న చోట బొమ్మ నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది. తెలుగులోనూ అక్కడ ‘పో’, ‘రో’ లాంటిదే పడాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి గొంతు సాగదీయడం సుఖం. కానీ మూడు ఇంగ్లీషు ముక్కల చోట మన క్రియాపదం ఒక్కటే నిండిపోతుంది. బొమ్మను మళ్లీ గీయలేరు కదా. వాళ్ల పేర్లు తెర మీద పెద్దగా వేయాలని నా కోరిక.

నలుపుతెలుపు:
తాళం లెక్క నాకు కొత్త. ఒక మెట్టు దిగుతాను. ‘టాయ్ స్టోరీ 2’లో జెస్సీ అనే ఆటబొమ్మ గతం చెప్పే పాట గుర్తొచ్చింది. పాడేది సారా మెక్‌లాక్లన్, జెస్సీ పెదవి కదపదు. తనను ప్రేమించిన పిల్ల పెరిగి పెద్దదై మర్చిపోవడం మొత్తం అందులోనే అయిపోతుంది. ఆ పాట తీసేస్తే జెస్సీ కోపం మనకు అర్థం కాదు. అంటే పాట కావాలి. కానీ పాత్ర నిలబడి పాడక్కర్లేదు, అక్కడ మాత్రం నేను కదలను.

పాటలపందిరి:
అది న్యాయమే. వన్స్‌మోర్ గారి ఎలుగుబంటికి నా దగ్గర జవాబు లేదు, షరతు సడలిస్తున్నాను. రంగులరాట్నం గారూ, ఒక్క పని చేయండి. పీత పాడే ‘అండర్ ద సీ’ మళ్లీ పెట్టి పీతను కాకుండా ఆ మత్స్యకన్యను చూడండి.

రంగులరాట్నం:
చూశాం. పీత సముద్రం ఎంత గొప్పదో పాడుతూ ఉండగానే, ఈమె చేపపిల్లతో మెల్లగా జారుకుంటుంది. పాట అయ్యేసరికి చోటు ఖాళీ! ముందు పట్టుకున్నది మా అమ్మాయే. “పాట ఆపొద్దు, తను ఎక్కడ లేచిందో చూడాలి” అని రిమోట్ లాక్కుంది.