నోట్స్ బోలెడున్నాయి, వ్యాసం మాత్రం మొదలవ్వట్లేదు. రాసే ముందు మీరేం చేస్తారు?

సగం_పేరా:
"మనం ఎందుకు మరిచిపోతాం" అనే విషయం మీద 2,000 పదాల వ్యాసం రాయాలి, ఇంకా 12 రోజులుంది. మూడు వారాలుగా చదువుతూనే ఉన్నాను. ఫోన్‌లో కొన్ని నోట్స్, ఒక పుస్తకంలో కొన్ని, నాకు నేనే పంపుకున్న వాయిస్ మెసేజ్‌లు కొన్ని, ఇక స్క్రీన్‌షాట్లకైతే లెక్కే లేదు. ముందు అవుట్‌లైన్ వేద్దామని కూర్చుంటే ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని మూడు మాటలు రాసి ఆగిపోతున్నా. మైండ్ మ్యాప్ కూడా వేశాను, మధ్యలో సున్నా చుట్టి "మరుపు" అని రాసి గీతలు గీసుకుంటూ పోతే సాలెగూడులా తయారైంది తప్ప ఏది ముందు రాయాలో మాత్రం తెలియలేదు. డెడ్‌లైన్ దగ్గరపడే కొద్దీ టెన్షన్‌తో ఇంకా చదువుతున్నాను, నోట్స్ ఇంకా పెరుగుతున్నాయి. తరచూ రాసేవాళ్లు రాయడానికి ముందు అసలేం చేస్తారో చెప్పండి. యాప్ పేర్లు మాత్రం వద్దు, ఇప్పటికే నాలుగున్నాయి.

కొట్టివేతలు:
ముందు ఆ నోట్స్ అన్నీ మూసేయండి, నిజంగానే చెప్తున్నా. పది నిమిషాలకి అలారం పెట్టి మరుపు గురించి తోచిందల్లా ఆపకుండా రాయండి. చెయ్యి ఆగకూడదు, ఏమీ తట్టకపోతే "ఏమీ తట్టట్లేదు" అనే రాయండి. తప్పులు దిద్దొద్దు, వెనక్కెళ్లి చదవొద్దు. దీన్ని ఫ్రీరైటింగ్ అంటారు. పీటర్ ఎల్బో అనే అమెరికన్ ప్రొఫెసర్ 1973లో వేసిన పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. రాస్తూ రాస్తూనే దిద్దుకుంటాం కాబట్టి వాక్యం సగంలోనే ఆగిపోతుంది, ఈ రెండు పనుల్నీ విడదీయాలి అన్నది దీని వెనకున్న ఆలోచన.

రాసిందాంట్లో చాలావరకు చెత్తే ఉంటుంది. నాకైతే రెండు పేజీలకి ఒక్క వాక్యం పనికొస్తే గొప్ప. కానీ ఆ వాక్యం మీ నోట్స్‌లో ఎక్కడా దొరకదు. దాన్నే మొదటి వాక్యంగా పెట్టుకుని మళ్లీ పది నిమిషాలు రాయండి. ఇలా మూడుసార్లు చేసేసరికి ఈ విషయంలో మీ మనసు ఎటు లాగుతోందో తెలిసిపోతుంది.

చీటీలడబ్బా:
పై సలహా మంచిదే కానీ మూడు వారాల సరుకు చేతిలో ఉన్నప్పుడు అదొక్కటే సరిపోదు. మీ సరుకు నాలుగు చోట్ల ఉంది, మొత్తం ఒక్కసారిగా కంటికి కనపడట్లేదు, అసలు ఇబ్బంది అక్కడుంది. అంతా చీటీల మీదకి దించండి. ఒక చీటీకి ఒక్కటే ముక్క, అదీ పూర్తి వాక్యంగా. "ఎబ్బింగ్‌హాస్" అని పేరు మాత్రం రాసి వదిలేస్తే వారం తర్వాత అదెందుకు రాశారో మీకే గుర్తుండదు (మీ వ్యాసానికి అదీ ఒక ఉదాహరణే అనుకోండి). "అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే పరీక్షించుకుని 1885లో ప్రచురించాడు, మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుంది" అని రాయండి. ఎక్కడ దొరికిందో పేజీ నంబరుతో సహా చీటీ వెనక వేయండి.

తర్వాత నేల మీద పరవండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు: కారణాలు, లాభాలు, నష్టాలు అని ముందే పేర్లు పెట్టుకుని చీటీలని వాటిలో పడేస్తారు, చివరికి అందరూ రాసే వ్యాసమే వస్తుంది. నేపాల్‌లో క్షేత్రపరిశోధన చేసిన జిరో కవకిత అనే జపాన్ మానవశాస్త్రవేత్త, పోగైన సమాచారాన్ని ఒక దారికి తేవడానికి ఒక పద్ధతి తయారుచేశాడు. ఆయన పేరులోని అక్షరాలతోనే దాన్ని కేజే పద్ధతి అంటారు. దగ్గరగా అనిపించిన చీటీలని ముందు పక్కపక్కన పెట్టాలి, గుంపు తయారయ్యాకే దానికి పేరు. ఉదాహరణకి "ఫోన్ నంబర్లు గుర్తుపెట్టుకోవడం మానేశాం" అనే చీటీ, "పరీక్ష అయిన మర్నాడే పాఠం పోతుంది" అనే చీటీ దూరం దూరంగానే కనిపిస్తాయి. పక్కపక్కన పెడితే మాత్రం "ఇక అక్కర్లేదని వదిలేసినవి" అనే పేరు దానంతటదే వస్తుంది. ముందే గళ్లు గీసుకుని ఉంటే ఈ రెండూ ఎప్పటికీ కలిసేవి కావు. ఎందులోనూ ఇమడని చీటీని బలవంతంగా తోయొద్దు, ఒంటరిగానే ఉండనివ్వండి.

రెండో_ప్రతి:
చీటీలవాళ్లకి ఒక హెచ్చరిక. నిక్లాస్ లూమన్ అనే జర్మన్ సోషియాలజిస్టు దాదాపు 90,000 చీటీలు రాసి, నంబర్లతో ఒకదానికొకటి ముడిపెట్టుకుని, డజన్లకొద్దీ పుస్తకాలు రాశాడు. అది చదివి నేనూ మొదలుపెట్టాను, నెలరోజులు చీటీలకి నంబర్లు వేస్తూ కూర్చున్నాను, వ్యాసం ఒక్క పేరా కదల్లేదు. ఆయనది దశాబ్దాల పని, మీకున్నవి 12 రోజులు. చీటీలు సర్దుతుంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది, దాంతో వచ్చే చిక్కే అది. ఒక్క పూటలో తేల్చేయండి.

ఇవాళ్టితో చదవడం కూడా ఆపేయండి. ఈ విషయం ఏమీ తెలియనివాళ్లు ఎవరికైనా ఫోన్ చేసి ఐదు నిమిషాల్లో చెప్పండి. "ఆగాగు, అంటే ఏంటి?" అన్న చోట మీ దగ్గర సరుకు తక్కువున్నట్టు, "అవునా!" అన్నది వ్యాసంలో ముందుకి రావాలి. మీ నోట్లోంచి వచ్చిన వరసే చాలాసార్లు వ్యాసానికీ సరిపోతుంది. అప్పుడు వేయండి అవుట్‌లైన్, అదీ మాటలతో కాదు, వాక్యాలతో. "మరుపుకి కారణాలు" అని రాస్తే ఏం చెప్పాలో తేలదు, "మరుపు లోపం కాదు, బుర్ర చేసే పనుల్లో అదీ ఒకటి" అని రాస్తే తర్వాతి వాక్యం దానంతటదే వస్తుంది.

గీతలు_కొమ్మలు:
మైండ్ మ్యాప్‌ని ఊరికే తిట్టకండి. 1970లలో టోనీ బుజాన్ అనే బ్రిటిష్ రచయిత దాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పటి నుంచీ జనం దాంతో అన్ని పనులూ చేయించాలని చూస్తున్నారు. అది పోగేయడానికి బాగుంటుంది, వరస పెట్టడానికి కాదు. మ్యాప్ అన్నివైపులకీ పోతుంది, వ్యాసానికేమో పైనుంచి కిందికి ఒకటే దారి. మీరు గీసిందాంట్లోనే కొమ్మలకి 1, 2, 3 వేసి చూడండి. ఏ నంబరూ అతకని కొమ్మని కొట్టేయండి.

సగం_పేరా:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం నేల మీద కూర్చున్నాను. మొత్తం 64 చీటీలు తేలాయి, అందులో 11 ఒకే సంగతిని వేర్వేరు చోట్ల రాసుకున్నవి, అంటే రాసుకున్నానన్న విషయమే మరిచిపోయి మళ్లీ రాశానన్నమాట. గుంపులు ఐదొచ్చాయి. అన్నిటికన్నా లావుగా ఉన్నది జ్ఞాపకశక్తి పెంచుకునే చిట్కాల గుంపు, కానీ నా ప్రశ్నకీ దానికీ సంబంధమే లేదని ఇప్పుడు తెలుస్తోంది, వదిలేయాలంటే ప్రాణం ఒప్పట్లేదు. అక్కకి ఫోన్ చేసి చెప్తే అంతా విని "సరే, అసలేదీ మరిచిపోకపోతే ఏమవుతుంది?" అంది. దాని మీద నా దగ్గర ఒక్కటే చీటీ ఉంది, అదీ ఏ గుంపులోనూ చేరకుండా పక్కన పడున్నది. ఇప్పుడు మళ్లీ చదవడం మొదలుపెట్టాలా?

రెండో_ప్రతి:
ఆ ఒక్క ప్రశ్న కోసమే చదవండి, అదీ ఒక్క రోజే. చిట్కాల చీటీలు చింపొద్దు, కవర్లో పెట్టి కంటికి కనపడని చోట పడేయండి. వ్యాసం మాత్రం మీ అక్క అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టి చూడండి.