సిడ్నీలో జూలై సెలవులకు పిల్లలతో, పెద్దవాళ్లతో నడవదగిన తీరపు దారులు, అడవి దారులు ఏవి?

ప్రశ్న: సిడ్నీ పడమటి శివారు టూంగాబీ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. జూలైలో బడులకు రెండు వారాల శీతాకాలపు సెలవులు వస్తున్నాయి. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చి మా దగ్గరే ఉన్నారు. బాబుకు తొమ్మిదేళ్లు. పాపకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు కనుక ప్రామ్ (పిల్లల తోపుడు బండి) లేనిదే బయలుదేరలేము. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే ఆమెకు కష్టం. వారం మధ్యలో మాకు రైళ్లు, ఫెర్రీలే ఆధారం. కారు శని, ఆదివారాలలో మాత్రమే ఉంటుంది. చాలా దారుల వివరాలలో 'సులభం' అని రాసి ఉంటుంది కానీ, అది ఎవరికి సులభమో తెలియడం లేదు. సముద్రం పక్కన ఒకటి రెండు, అడవిలో ఒకటి రెండు, అందరం కలిసి వెళ్లి హాయిగా తిరిగి రాగలిగినవి, స్వయంగా నడిచినవారు చెప్పగలరా?

జవాబు 1: తీరపు నడకలు ఇష్టపడే సభ్యురాలు

నమస్కారమండీ. పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉన్నప్పుడు దారి ఎన్ని కిలోమీటర్లు అన్నదానికంటే, మధ్యలో ఎక్కడ ఆగినా వెనక్కి రాగలమా, మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవే ముందుగా చూడాలని నా గట్టి అభిప్రాయం. ఆ లెక్కన మీకు మొదటగా చెప్పదగినది మ్యాన్లీ నుంచి షెల్లీ బీచ్ వరకు ఉన్న దారి. నగరం నడిబొడ్డున ఉన్న సర్క్యులర్ కీ రేవు దగ్గర ఫెర్రీ ఎక్కితే అరగంటలో మ్యాన్లీ చేరతారు. అక్కడి పెద్ద బీచ్ దక్షిణపు కొసన మొదలయ్యే ఈ దారి ఇంచుమించు ఒక కిలోమీటరు, సిమెంటు చేసినది, దాదాపు సమతలం. ప్రామ్ సాఫీగా సాగిపోతుంది. మధ్యలో ఫెయిరీ బోవర్ దగ్గర అలలను ఆనుకొని చిన్న ఈతకొలను ఉంటుంది. షెల్లీ బీచ్ పడమటి ముఖంగా ఉండడం వల్ల బయటి సముద్రపు అలల దెబ్బ దానికి అంతగా తగలదు. పక్కనున్న కేబేజ్ ట్రీ బేలో 2002 నుంచి చేపల వేట పూర్తిగా నిషేధం కనుక, ఒడ్డున నిలబడి చూసినా నీటిలో చేపలు కనిపిస్తాయి. ఎండ కాసే రోజైతే బండల మీద వాటర్ డ్రాగన్‌లు అనే పెద్ద బల్లులు కదలకుండా పడుకొని ఉండడం చూసి మీ బాబు అక్కడి నుంచి రానంటాడు.

అందరూ మెచ్చుకునే బాండై, కూజీ బీచ్‌ల మధ్య దారి ఆరు కిలోమీటర్లు. చూడడానికి ఎంతో బాగుంటుంది కానీ మెట్లు చాలా ఉన్నాయి. దానిలో బాండై నుంచి బ్రాంటీ వరకు ఉన్న భాగాన్ని మీరూ బాబూ నడవవచ్చు. అమ్మగారూ నాన్నగారూ పాపతో బస్సులో నేరుగా బ్రాంటీ పార్కుకు వచ్చి, అక్కడి పచ్చికలో కూర్చొని మీ కోసం చూడవచ్చు.

జవాబు 2: బుష్‌వాకింగ్ (అడవి నడకలు) చేసే సభ్యుడు

అడవి దారుల సంగతి నేను చెబుతాను. మీకు అన్నిటికంటే దగ్గరది లేక్ పర్రమట్టా. 1856లో పూర్తయిన ఇసుకరాతి ఆనకట్ట వెనుక నిలిచిన చెరువు అది. చుట్టూ యూకలిప్టస్ అడవి. అంతా నడవవలసిన పని లేదు. పార్కింగు దగ్గరి పచ్చిక మీద పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పిల్లలను ఒడ్డు వెంట కాస్త దూరం తీసుకెళ్లి రండి. పిల్లల ఓపిక ఎంతో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

కారు ఉన్న రోజున సిడ్నీకి పడమటనున్న బ్లూ మౌంటెన్స్ కొండల్లోని బ్లాక్‌హీత్ వెళ్లండి. జనమంతా కటూంబాలో త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల దగ్గర ఆగిపోతారు. అది చూడదగినదే, అక్కడి ఎకో పాయింట్ కూడా సమతలమే, కానీ దాని పక్కన దిగే జెయింట్ స్టెయిర్‌వేలో 900కు పైగా మెట్లు ఉన్నాయి కనుక మీ అమ్మగారిని అటువైపు తీసుకెళ్లవద్దు. బ్లాక్‌హీత్‌లో హెరిటేజ్ సెంటర్ నుంచి లోయను చూసే చోటైన గోవెట్స్ లీప్ వరకు ఫెయిర్‌ఫాక్స్ హెరిటేజ్ ట్రాక్ ఉంది. ఒకవైపు 1.8 కిలోమీటర్లు. చక్రాల కుర్చీ కూడా వెళ్లగలిగేలా చదును చేశారు. పిట్టల కూతల మధ్య చెట్ల నీడన మెల్లగా సాగే ఈ దారి చివర, ఒక్కసారిగా నేల అంతా తెగిపోయినట్టు గ్రోస్ లోయ కళ్ల ముందు పరుచుకుంటుంది; ఎదుటి కొండ అంచు నుంచి బ్రైడల్ వెయిల్ జలపాతం దాదాపు 180 మీటర్లు జారిపడుతుంది. గోవెట్స్ లీప్ దగ్గర కూడా కారు ఆపవచ్చు కనుక, మీవారు కారును ముందుగా అక్కడికి తెచ్చి ఉంచితే తిరుగు నడక తప్పుతుంది. నా దృష్టిలో మూడు తరాలు కలిసి నడవడానికి ఆ కొండల్లో ఇంతకు మించిన దారి లేదు.

రైలులోనే వెళ్లాలంటే వెంట్‌వర్త్ ఫాల్స్ స్టేషన్ దగ్గరి విల్సన్ పార్కు నుంచి జేమిసన్ వాగు వెంట మొదలయ్యే దారి ఉంది. 1836లో చార్లెస్ డార్విన్ ఆ వాగు వెంట నడిచాడు కనుక దానికి ఆయన పేరే పెట్టారు. మొదటి భాగం మీకు సరిపోతుంది. చివరి వరకు వెళ్లాలనుకోవద్దు. అటుపైన మెట్లు వస్తాయి.

జవాబు 3: మరొక సభ్యుడు

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూ కొన్ని జాగ్రత్తలు చెబుతాను. జూలైలో పాముల భయం తక్కువే కానీ చీకటి త్వరగా పడుతుంది. ఐదు గంటలకే సూర్యాస్తమయం. బ్లాక్‌హీత్ వెయ్యి మీటర్లకు పైన ఉంది కనుక పగటిపూట కూడా పది డిగ్రీలు దాటకపోవచ్చు. పెద్దవాళ్లకు చెవులు కప్పే టోపీలు తప్పనిసరి. బయలుదేరే ఉదయమే న్యూ సౌత్ వేల్స్ నేషనల్ పార్క్స్ వెబ్‌సైటులో ఆ దారి తెరిచి ఉందో లేదో చూడండి. 2022 ఏప్రిల్‌లో వెంట్‌వర్త్ పాస్ దారిలో కొండచరియ విరిగిపడి ఒక తండ్రీ కొడుకూ మరణించారు. వానల తరువాత దారులు మూసివేయడాన్ని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. సముద్రం పక్కన తడిసి నల్లగా మెరుస్తున్న బండ కనిపించిందంటే అక్కడి వరకు అల వస్తోందని అర్థం. పిల్లలను దాని మీదికి పోనివ్వకండి.

ఇది తిమింగలాలు అంటార్కిటికా వైపు నుంచి ఉత్తరానికి వలస వెళ్లే కాలం. ఫెర్రీలో వాట్సన్స్ బే వెళ్లి, హార్బర్ ముఖద్వారానికి దక్షిణపు కొండకొస అయిన సౌత్ హెడ్ చివరి దాకా నడిస్తే, 1858లో కట్టిన ఎర్ర, తెల్ల చారల హార్న్‌బీ దీపస్తంభం దగ్గర నుంచి వాటిని చూసే అవకాశం ఉంది. ముందుగా నీటి పైన తెల్లని ఆవిరి చిమ్మినట్టు కనిపిస్తుంది. ఈ దారిలో కొన్ని మెట్లు ఉన్నాయి. ఇంకొక సంగతి: మధ్యలో వచ్చే లేడీ బేలో దుస్తులు లేకుండా స్నానం చేయడం చట్టబద్ధం. పెద్దవాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లడం మర్యాద.

ప్రశ్న అడిగినవారు

ఎంతో శ్రద్ధగా రాశారు, మీ అందరికీ కృతజ్ఞతలు. బుధవారం షెల్లీ బీచ్‌కు, శనివారం బ్లాక్‌హీత్‌కు వెళ్లాలని అనుకుంటున్నాము. వాట్సన్స్ బేకు బాబును తీసుకొని నాన్నా నేనూ వెళతాము. పులిహోర, పెరుగన్నం కట్టుకొని వెళ్లి బయట తినవచ్చా? ఫెర్రీలో అమ్మకు కడుపులో తిప్పుతుందేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు 1 రాసిన సభ్యురాలు

నిరభ్యంతరంగా తినవచ్చండీ. అయితే కుకబురా పక్షులు చేతిలోని తిండిని తన్నుకుపోతాయి కనుక పాపకు చెట్ల కింద కాకుండా ప్రామ్‌లో కూర్చోబెట్టి తినిపించండి, పక్షులకు మాత్రం ఏమీ వేయవద్దు. మ్యాన్లీ ఫెర్రీ హెడ్స్ (హార్బర్ ముఖద్వారం) ఎదురుగా దాటేటప్పుడు బయటి సముద్రపు అలలకు కొద్దిసేపు ఊగుతుంది. అమ్మగారిని కింది అంతస్తులో మధ్య వరుసలో కూర్చోబెడితే ఆ ఊపు తక్కువ తెలుస్తుంది. అలలు మరీ పెద్దవిగా ఉన్న రోజున ఆ ఫెర్రీని రద్దు చేస్తారు కాబట్టి, టూంగాబీలో రైలు ఎక్కకముందే ఫోనులో ఒకసారి చూసుకోండి.