'క్వైట్ గుడ్' అంటే మెచ్చుకున్నట్టా, సరిపెట్టుకున్నట్టా?

ప్రశ్న: ఇంగ్లండు నేపథ్యంగా ఉన్న ఒక నాటిక అనువాదంలో సందేహం. భోజనం మధ్యలో అతిథి 'ఇట్స్ క్వైట్ గుడ్' అంటాడు. వండిన ఇల్లాలి ముఖం మాడిపోతుంది. 'చాలా బాగుంది' అని రాస్తే ఆవిడ ముఖం ఎందుకు మాడిందో తెలియడం లేదు. ఏం రాయాలి?

జవాబు: 'చాలా' అన్నది అమెరికా వాళ్ల క్వైట్. ఇంగ్లండులో గుడ్, నైస్ లాంటి హెచ్చుతగ్గులున్న మాటల ముందు క్వైట్ పెడితే, చాలాసార్లు మెప్పు ఒక మెట్టు దిగుతుంది. 'బాగానే ఉంది' అని రాయండి. ముఖం మాడడానికి ఆ 'నే' చాలు.

మరొకరు: 'పర్వాలేదు' ఇంకా సహజం కదా?

జవాబు: అది మరీ రెండు మెట్లు దించుతుంది. పైగా మన కాలు తొక్కి సారీ చెప్పినవాడితోనూ 'పర్వాలేదు' అనే అంటాం. (ఇంగ్లండులో తొక్కించుకున్నవాడు కూడా సారీ చెబుతాడు, అది వేరే చర్చ.)

మరొకరు: 'నే' తగ్గించేదైతే 'నిజంగానే' సంగతేమిటి? అక్కడ గట్టిపరుస్తోందిగా.

జవాబు: మంచి మెలిక. క్వైట్ కూడా అచ్చం అంతే. నిజం, అసాధ్యం, ఖాళీ లాంటివి ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. కొంచెం అసాధ్యం అంటూ ఉండదు. అందుకే 'క్వైట్ ఇంపాజిబుల్' అంటే బొత్తిగా అసాధ్యం. 'నిజంగానే' అంటే ముమ్మాటికీ నిజం. బాగు, పెద్ద, తొందర లాంటివాటికి మెట్లుంటాయి. 'ఇల్లు పెద్దదే' అనగానే వినేవాడు 'కానీ...' కోసం ఎదురుచూస్తాడు. 'క్వైట్ బిగ్' అన్నా అంతే.

ఇక 'బాగానే సంపాదించాడు' అంటే తక్కువ సంపాదించాడని కాదు, నాలుగు రాళ్లు గట్టిగానే వెనకేశాడని. ఎంత, ఎందరు అని లెక్క చెప్పేచోట 'నే' పెంచుతుంది. అక్కడా ఇంగ్లీషు తోడొస్తుంది: 'క్వైట్ ఎ లాట్' అంటే బోలెడు, 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే చాలామంది. ఈ రెండోదాన్ని 'కొద్దిమంది' అని అనువదించి బోల్తా పడేవాళ్లు ఎక్కువ.

మరొకరు: తెలంగాణలో 'మంచిగనే ఉన్నది' అంటం. పని అదే చేస్తది. కానీ రాతలో పలుకు పోతది గదా? 'నే' మీద సాగదీస్తే ఒకటి, మామూలుగ అంటే ఒకటి.

జవాబు: సరిగ్గా పట్టారు. ఇంగ్లీషులోనూ నొక్కు క్వైట్ మీద పడితే పెదవి విరుపు, గుడ్ మీద పడితే మెప్పే. ఈ సందర్భంలో విరుపు కావాలి కాబట్టి 'బాగానే... ఉందండీ' అని మూడు చుక్కలు పెట్టండి. నటుడికి దారి తెలుస్తుంది.

మరొకరు: ఈ తగ్గింపు మెప్పుకే పరిమితం కాదు, ఆపదలోనూ ఇదే వరస. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం జావా దగ్గర అగ్నిపర్వతం బూడిదలో చిక్కుకుని నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులతో, మనకో 'స్మాల్ ప్రాబ్లమ్' వచ్చింది, నాలుగు ఇంజిన్లూ ఆగాయి అన్నాడు. (ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి, విమానం జకార్తాలో దిగింది.) దీన్ని 'చిన్న సమస్య' అంటే పొడిగా ఉంటుంది, 'చిన్న ఇబ్బంది వచ్చిందండి' అంటే మన ఆర్టీసీ కండక్టరు గొంతు వినబడుతుంది. నా ఓటు దానికే.

ప్రశ్న: 'బాగానే... ఉందండీ' ఖాయం. మరి ఆ వెంటనే ఇల్లాలు 'క్వైట్' అని ఒక్కమాట అని ఊరుకుంటుంది. దానికి?

జవాబు: ఒంటరిగా వస్తే అది ఒప్పుకోలు, 'అవును మరి' అన్నట్టు. కాస్త పాతకాలపు మర్యాద. ఇక్కడ 'అవునవును' అని రాసి, కూరగిన్నె ఆవిడ తన వైపు లాక్కున్నట్టు రంగసూచన పెట్టండి.