అప్‌డేట్: ఓరియన్ నెబ్యులా రేడియో తరంగాల్లో వాయువుది ఏది, ధూళిది ఏది?

తిరుపతిలో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఓరియన్ నెబ్యులా (నక్షత్రాలు పుట్టే వాయు, ధూళి మేఘం) గురించి ఈ ప్రశ్న ఇక్కడ అడిగాను. ఒక్క ఫ్రీక్వెన్సీ చాలదు, ప్రచురితమైన కొలతలన్నీ కలిపి స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ప్రకాశమో చూపే గీత) గీయమని జవాబిచ్చినవాళ్లు అన్నారు. గీశాను, తేడా స్పష్టంగా కనిపించింది!

కొన్ని గిగాహెర్ట్జ్‌ల దగ్గర గీత దాదాపు చదును. అది అయనీకృత (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన) వాయువుది: సుమారు 10,000 కెల్విన్ వేడిలో ప్రోటాన్ల పక్కగా వెళ్లే ఎలక్ట్రాన్లు దారి మళ్లినప్పుడు పుట్టే తరంగాలు. ఇంకా కిందికి, 1 గిగాహెర్ట్జ్ కూడా దాటి వెళ్తే వాయువు తన తరంగాలను తానే మింగేస్తుంది, గీత పడిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ చూసేది కూడా ఈ ఫ్రీక్వెన్సీలనే.

100 గిగాహెర్ట్జ్ దాటి బాగా పైకి వెళ్లాక చల్లటి ధూళిదే పైచేయి, గీత నిటారుగా లేస్తుంది.

మా సార్‌కి చూపించాను, టెన్షన్ తీరింది. ఇప్పుడు ధూళి ద్రవ్యరాశి లెక్క మొదలుపెట్టాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్ అండి.