బాసెల్ నుంచి విట్రా డిజైన్ మ్యూజియం: ఉన్నది ఒక్క రోజు, ఏది ముందు?

కలప_పొట్టు
జూన్ రెండో వారంలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక రోజు ఖాళీ ఉంది. అక్కడి నుంచి జర్మనీ వైపు వైల్ ఆమ్ రైన్‌లో ఉన్న విట్రా డిజైన్ మ్యూజియంకి వెళ్దామని. తోడు వచ్చే తమ్ముడు ఇండస్ట్రియల్ డిజైన్ చదువుతున్నాడు. అడగాల్సినవి: మాది సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా, సరిహద్దు దాటితే ఎంట్రీ అయిపోతుందా? తాత్కాలిక ప్రదర్శన మారే రోజుల్లో వెళ్తే చూడ్డానికి ఏం మిగులుతుంది? అదే ఆవరణలో ఆర్కిటెక్ట్ జాహా హదీద్ డిజైన్ చేసిన ఫైర్ స్టేషన్ లోపలికి రానిస్తారా?

రేకు_పెట్టె
వీసాకి ఇబ్బంది లేదండి. స్విట్జర్లాండ్, జర్మనీ రెండూ షెంజెన్‌లోవే, ఎంట్రీ లెక్కలోకి రాదు. కానీ మధ్యమధ్యలో తనిఖీలు ఉంటాయి కాబట్టి జిరాక్సు కాదు, అసలు పాస్‌పోర్టే పెట్టుకోండి. ఇంకోటి, స్విట్జర్లాండ్ ఈయూలో లేదు. "యూరప్" పేరుతో అమ్మే ఈసిమ్‌లు కొన్ని బాసెల్‌లో పనిచేయవు, సరిహద్దు దాటాకే సిగ్నల్ వస్తుంది. టికెట్ క్యూఆర్ కోడ్ ముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

బాసెల్‌లో క్లారాప్లాట్స్ నుంచి గానీ బాడిషర్ బాన్‌హోఫ్ రైల్వే స్టేషన్ నుంచి గానీ 55 నంబరు బస్సెక్కి "విట్రా" స్టాపులో దిగాలి. 8 నంబరు ట్రామ్ కూడా వైల్ దాకా వెళ్తుంది, కాకపోతే దిగాక ఇంకో పావుగంట నడక.

ఇక అసలు సంగతి. ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేసిన తెల్ల భవనం (1989) ఉంది చూశారూ, శాశ్వత సేకరణ అందులోనే ఉంటుందని చాలామంది పొరబడతారు. అది తాత్కాలిక ప్రదర్శనలకే. ఒకటి విప్పి ఇంకోటి అమర్చేటప్పుడు కొన్ని వారాలు మూసేస్తారు. క్యాంపస్ (మ్యూజియం ఉన్న విట్రా ఫర్నిచర్ కంపెనీ ఆవరణ) మాత్రం రోజూ 10 నుంచి 6 దాకా తెరిచే ఉంటుంది, అందుకే ఆ వేళలు చూసుకుని వచ్చినవాళ్లు తలుపు దగ్గర తెల్లమొహం వేస్తారు. వెబ్‌సైటులో వేళలు కాదు, ఇప్పటి ప్రదర్శన ముగిసే తేదీ, తర్వాతది మొదలయ్యే తేదీ చూడండి. మీ రోజు ఆ రెండింటి మధ్యలో పడితే మీకు మిగిలేది శాశ్వత సేకరణ ఉండే షౌడెపో భవనం, పక్కనున్న చిన్న గ్యాలరీ.

ఫైర్ స్టేషన్ (1993), టడావో ఆండో కట్టిన కాన్ఫరెన్స్ పెవిలియన్ లోపల చూడాలంటే గైడుతో వెళ్లే ఆర్కిటెక్చర్ టూర్ ఒక్కటే దారి. సుమారు రెండు గంటలు. ఇంగ్లీషు టూర్ వేళ, జర్మన్ టూర్ వేళ వేరు. మ్యూజియం టికెట్ అక్కడ కొన్నా ఫరవాలేదు, టూర్ మాత్రం ముందే బుక్ చేసి మిగతా రోజంతా దాని చుట్టూ సర్దుకోండి. నేనైతే పొద్దున్నే గెహ్రీ భవనం, తర్వాత టూర్, చివర షౌడెపో అంటాను.

సగం_ఇటుక
పైవారి వరుస మామూలు సందర్శకులకు సరిపోతుంది. డిజైన్ విద్యార్థి వస్తున్నాడంటే మాత్రం షౌడెపో ముందు, వెంటనే విట్రాహౌస్. ఈ రెంటి మధ్య వేరే ఏదీ పెట్టొద్దు.

షౌడెపో (2016) హెర్జోగ్ అండ్ డి మ్యూరాన్ డిజైన్. కిటికీలు లేని ఇటుక భవనం. ఇటుకల్ని సగానికి విరగ్గొట్టి, విరిగిన గరుకు వైపు బయటికి పెట్టి కట్టారు, గోడకు దగ్గరగా వెళ్తే తెలుస్తుంది. లోపల కుర్చీలు అరల్లో పేర్చి ఉంటాయి, ముట్టుకోకూడదు. విట్రాహౌస్ షోరూమ్, ప్రవేశం ఉచితం. అక్కడ అవే మోడళ్ల ఇప్పటి తయారీ మీద కూర్చోవచ్చు, కింద చెయ్యి పెట్టి చూడొచ్చు. లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లి దిగుతూ రండి, దాని అమరికే అలా ఉంది.

ఉదాహరణకి వెర్నర్ పాంటన్ డిజైన్ చేసిన ప్లాస్టిక్ కుర్చీ, పాంటన్ కుర్చీ ఒక్కటి తీసుకోండి. వెనక కాళ్లు లేవు, అంతా ఒకే ముక్క. మొదటివి (1967) గ్లాస్‌ఫైబర్ పాలియెస్టర్. 1968 నుంచి గట్టి పాలీయురేథేన్ ఫోమ్: అచ్చులోంచి తీశాక గుంటలు నింపి, రుద్ది, లక్కర్ కొట్టాలి, అందుకే ఖరీదు. 1971లో ఇంజెక్షన్ మౌల్డింగ్ (కరిగించిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి ఎక్కించడం) పాలీస్టైరీన్‌కి మారారు. చౌకైంది గానీ కాలం గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి కుర్చీలు విరిగాయి. 1979లో తయారీ ఆపేశారు. 1983లో మళ్లీ ఫోమ్, 1999 నుంచి పాలీప్రొపైలిన్ కూడా.

గుర్తుపట్టడం ఎలాగంటే, మోకాళ్ల మీద కూర్చుని సీటు పాదంలోకి వంగే చోట అడుగువైపు చూడాలి. అక్కడ పక్కటెముకల్లా గట్లు కనిపిస్తే అది 1971-79 నాటి పాలీస్టైరీన్. బరువంతా ఆ వంపు మీదే పడుతుంది, ప్లాస్టిక్ బలం చాలక గట్లు పెట్టారు. విట్రాహౌస్‌లో ఇప్పటి రకాలు రెండూ చూడొచ్చు. మెరుపు లేకుండా ఉన్నది పాలీప్రొపైలిన్, రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది. నిగనిగలాడేది "క్లాసిక్", లక్కర్ కొట్టిన ఫోమ్. రెంటి మీదా కూర్చుని వెనక్కి వాలి చూడమనండి మీవాణ్ణి. క్లాస్‌లో నెల రోజులు చెప్పేది అక్కడ నిమిషంలో తెలుస్తుంది.

తాత్కాలిక ప్రదర్శన మధ్యాహ్నం చూసినా నష్టం లేదు, కాకపోతే ఎండలోంచి నేరుగా లోపలికి వెళ్లి "ఏంటీ చీకటి" అనుకోకండి. కాగితం, బట్టలున్న చోట వెలుతురు మామూలుగా 50 లక్స్ దగ్గరే ఉంచుతారు. పాడుచేసేది ఒక్క క్షణపు వెలుగు కాదు, నెలల తరబడి పడి కూడిన వెలుగు, తగ్గిన రంగు మళ్లీ రాదు. అయిదు నిమిషాలు నిలబడితే కళ్లు సర్దుకుంటాయి. ఫోన్‌లో ఫ్లాష్ ఆపండి, స్కెచ్‌కి పెన్ను కాకుండా పెన్సిల్ వాడండి. వీపు సంచి లాకర్లో పెట్టేయండి.

కలప_పొట్టు
చాలా థాంక్సండీ, ఇద్దరికీ. టూర్ బుక్ చేసి మిగతావి సర్దుకుంటా. ఇంకొక్కటి: షాపులో 1:6 బుల్లి కుర్చీ ఒకటి కొనాలని వాడి ఆశ. జర్మనీ పన్ను వెనక్కి వస్తుందా? మా తిరుగు విమానం జ్యూరిక్ నుంచి.

ముద్ర_పడని_ఫారం
వస్తుంది, కానీ జ్యూరిక్ విమానాశ్రయంలో కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పన్ను వాపసు ఫారం మీద ముద్ర జర్మన్ కస్టమ్స్ వేయాలి, జ్యూరిక్‌లో జర్మన్ కస్టమ్స్ ఉండదు. మీరు బాసెల్‌కి తిరిగొచ్చేటప్పుడే ఈయూ దాటిపోతున్నారు కాబట్టి ముద్ర సరిహద్దు దగ్గరే పడాలి.

బిల్లు 50 యూరోలు దాటాలి. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఫారం అడగండి. ఇచ్చి తీరాలన్న నిబంధన షాపులకు లేదు, అందుకే డబ్బు కట్టకముందే అడగాలి. సరిహద్దులో దిగి వస్తువు, బిల్లు, ఫారం, పాస్‌పోర్టు చూపించాలి. పెట్టె విప్పకండి. బస్సు మీ కోసం ఆగదు, తర్వాతి బస్సు టైము చూసుకుని దిగండి. కస్టమ్స్ ఆఫీసు వేళలు కూడా చూసుకోండి, మూసేశాక వెళ్తే ముద్ర లేదు.

స్విస్ వైపు 2025 జనవరి నుంచి మనిషికి 150 ఫ్రాంకుల సరుకు వరకే పన్ను లేదు. దాటితే డిక్లేర్ చేయాలి. ఆ బుల్లి కుర్చీల్లో చాలావాటి ధర ఆ గీత దాటుతుంది.

రేకు_పెట్టె
ఒకటి మరిచాను. క్యాంపస్‌లోనే 2025లో తెరిచిన దోషి రిట్రీట్ వదలొద్దు. ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి మన దేశం బయట చేసిన తొలి కట్టడం. ఆయన 2023 జనవరిలో పోయారు, పూర్తయింది చూడలేదు. అక్కడే తోటల డిజైనర్ పీట్ ఔడాల్ఫ్ వేసిన తోట జూన్‌లో ఇంకా సగమే, నిండుగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. బాసెల్ పక్కనే రీహెన్‌లోని బైయలర్ మ్యూజియం నుంచి విట్రాకి సరిహద్దు మీదుగా "24 స్టాప్స్" అనే నడకదారి ఉంది, బాగుంటుంది గానీ టూర్ పెట్టుకున్న రోజు దాని జోలికి పోకండి. టూరే రెండు గంటల నడక.